స్మిత్ అండ్ వెస్సన్ పేరు చెక్కి ఉన్న పాత ఐదు గుండ్ల రివాల్వర్: ఇది ఎవరి తయారీ, దీని తుప్పు ఎలా ఆపాలి?

పెన్నేటి ఒడ్డు (ప్రొద్దుటూరు):

సభ్యులందరికీ నమస్కారం. మా జేజినాయన కట్టించిన పాత మిద్దె అమ్మకానికి వచ్చి, అందులోని ఇనప్పెట్టెను ఖాళీ చేస్తున్నప్పుడు తోలు ఒరలో ఒక చిన్న రివాల్వర్, దానితో పాటు గుడ్డలో చుట్టిన లైసెన్సు పుస్తకం దొరికాయి. లైసెన్సు ఆయన పేరిటే ఉంది. చివరి రెన్యువల్ ముద్ర 1986 నాటిది. తూటాలు ఏవీ లేవు. మా ముత్తాత నీలిమందు, పత్తి వ్యాపారం మీద మద్రాసుకు వెళ్తూ వస్తూ ఉండేవారని, దీన్ని అక్కడే కొన్నారని ఇంట్లో పెద్దలు చెప్పుకొనేవారు.

గొట్టం మూడు అంగుళాల పైచిలుకు ఉంటుంది. పైనున్న గొళ్ళెం ఎత్తితే గొట్టమూ సిలిండరూ కలిసి ముందుకు వంగుతాయి, వంగుతున్నప్పుడే సిలిండర్ మధ్యలోంచి నక్షత్రం ఆకారపు ముక్క ఒకటి పైకి లేచి మళ్ళీ లోపలికి పోతుంది. ఐదు గదులూ ఖాళీగా ఉన్నాయి. నికెల్ పూత సగం వరకు నిలిచి ఉంది, మిగిలిన చోట పొక్కులు లేచి కింద ఎర్రటి తుప్పు కనిపిస్తోంది. పిడికి రెండు వైపులా ఉన్న నల్లని రెక్కలు వెలుగు తగిలిన వైపు గోధుమరంగుకు తిరిగాయి. గొట్టం మీద ‘స్మిత్ అండ్ వెస్సన్’ అనే ఇంగ్లీషు అక్షరాలు స్పష్టంగా చదవడానికి వస్తున్నాయి గానీ, వాటికి ముందూ వెనకా ఉన్నవి తుప్పు కింద పోయాయి. ఫోటోలు జతచేశాను. ఇది నిజంగా ఆ అమెరికా కంపెనీ వస్తువేనా, దీన్ని మళ్ళీ మా ముత్తాత చేతిలో ఉన్నప్పటి రూపానికి తేవడం సాధ్యమేనా అన్నవి నా రెండు ప్రశ్నలు.

కేసీ కాలువ (కర్నూలు):

మీ రెండు ప్రశ్నలకూ ముందు తేలవలసినది ఇంకొకటి ఉంది. నేను కలెక్టరేట్‌లో ఆయుధ లైసెన్సుల విభాగంలో పనిచేసి విరమించినవాణ్ణి కనుక ఈ మాట గట్టిగానే చెబుతున్నాను. లైసెన్సు మనిషికి ఇచ్చేది, వస్తువుకు ఇచ్చేది కాదు. మీ జేజినాయనగారు పోయిన నాటితోనే ఆ పుస్తకం బలం తీరిపోయింది, ఈరోజు ఆ ఆయుధం మీ ఇంట్లో లైసెన్సు లేకుండా ఉన్నట్టే లెక్క. 1959 ఆయుధ చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత, లైసెన్సు లేని తుపాకీ కలిగి ఉన్నందుకు కనీస శిక్షే రెండేళ్ళు, అది ఐదేళ్ళ దాకా పోవచ్చు.

భయపడవలసిన పని లేదు. ఇలాంటి సందర్భం కోసమే అదే చట్టంలో 21వ సెక్షన్ ఉంది. ఆయుధాన్ని కలిగి ఉండే హక్కు ఏ కారణం చేతనైనా పోయినప్పుడు, అనవసరమైన జాప్యం లేకుండా దాన్ని దగ్గరి పోలీస్ స్టేషన్‌లో గానీ, లైసెన్సు ఉన్న ఆయుధ విక్రేత దగ్గర గానీ జమ చేయాలని అది చెబుతుంది. ముందు ఒక న్యాయవాదితో మాట్లాడండి. ఎప్పుడు, ఎక్కడ, ఎవరి సమక్షంలో దొరికిందో రాసి, లైసెన్సు పుస్తకం నకలు జతచేసి స్టేషన్‌లో ఇవ్వండి, ఇచ్చినట్టు రసీదు తప్పకుండా తీసుకోండి. ఎలా తీసుకురమ్మంటారో వాళ్ళనే అడగండి. మీ అంతట మీరు దాన్ని సంచిలో వేసుకుని బస్సెక్కవద్దు.

ఆ తర్వాత వారసుల హక్కు ప్రశ్న వస్తుంది. 2016 ఆయుధ నియమాల్లో 25వ నియమం ప్రకారం, లైసెన్సుదారు చనిపోతే ఆయన చట్టబద్ధ వారసుడు అదే ఆయుధానికి తన పేరిట లైసెన్సు కోరవచ్చు. మిగతా వారసులు తమకు అభ్యంతరం లేదని రాసి ఇవ్వాలి. జమ చేసి ఊరుకుంటే మాత్రం, గడువు దాటాక అది ప్రభుత్వపరం చేయడానికి జిల్లా మేజిస్ట్రేట్‌కు అధికారం ఉంది. కాబట్టి దరఖాస్తు ఆలస్యం చేయకండి.

గుత్తికోట (అనంతపురం జిల్లా):

కేసీ కాలువ గారు చెప్పింది ముందు పూర్తి చేయండి. గుర్తింపు సంగతి ఫోటోల మీదే చాలా దూరం వెళ్ళవచ్చు.

ఇది స్మిత్ అండ్ వెస్సన్ కాదని నాకు దాదాపు నమ్మకం కుదిరింది. ఆ కంపెనీ 1880లో .32 (గొట్టం కొలత, అంగుళంలో నూటికి 32 వంతులు) డబుల్ యాక్షన్ (ట్రిగ్గర్ నొక్కితేనే హ్యామర్ లేచి పడే రకం) రివాల్వర్‌ను విడుదల చేసింది. పైనుంచి తెరుచుకునే ఐదు గుండ్ల ఆ నమూనా ఎంత అమ్ముడుపోయిందంటే, దాని పోలికలతో రెండు ఖండాల్లో చవక రివాల్వర్లు కుప్పలుగా తయారయ్యాయి. అసలు స్మిత్ అండ్ వెస్సన్ అయితే గొట్టం పైన కంపెనీ పేరుతో పాటు మసాచుసెట్స్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్ ఊరి పేరు, పేటెంటు తేదీలు సన్నని అక్షరాల్లో వరుసగా ఉంటాయి. పిడి రెక్కల పైభాగంలో రెండు అక్షరాలు పెనవేసుకున్న ముద్ర ఉంటుంది. మీ ఫోటోలో అక్షరాలు పెద్దవి, ఎడం ఎడంగా ఉన్నాయి, రెక్కల మీద పువ్వు నగిషీ తప్ప మరే ముద్రా లేదు.

అమెరికాలోనే చవక రకాలు చేసిన ఐవర్ జాన్సన్, హారింగ్టన్ అండ్ రిచర్డ్‌సన్, హాప్కిన్స్ అండ్ అలెన్ పేర్లు తరచుగా వినిపిస్తాయి. ఐవర్ జాన్సన్ అయితే రెక్కల మీద గుడ్లగూబ తల, హారింగ్టన్ అయితే గుండ్లు తగిలిన గురి పలక గుర్తు కనిపించాలి. మీ దాంట్లో అవి లేవు. నా అనుమానం బెల్జియం వైపు పోతోంది. అక్కడి తయారీదారులు గొట్టం మీద ‘ఫర్ స్మిత్ అండ్ వెస్సన్ కార్ట్రిడ్జెస్’ అని, అంటే ఆ తూటాలు దీనికి సరిపోతాయని మాత్రమే చెక్కేవారు. కొనేవాడి కన్ను పెద్ద పేరు మీద పడేలా ఆ అక్షరాలను తీర్చేవారు. మీరు చెబుతున్న తుప్పు కింది భాగంలో ఆ ముందు మాట, వెనక మాట దాగి ఉన్నాయేమో చూడాలి. రుద్ది చూడవద్దు. సిలిండర్ మీద, గొట్టం అడుగున, పిడి రెక్క విప్పితే లోపలి ఇనుము మీద ప్రూఫ్ ముద్రలు, అంటే బలపరీక్షలో నెగ్గినట్టు కొట్టే గుర్తులు, ఉంటాయి. వాటి ఫోటోలు కావాలి.

ఎర్రనేల (తాడిపత్రి):

గుర్తింపు విషయంలో నేను చెప్పగలిగినది లేదు గానీ, రూపం సంగతి ఇంత కష్టమైనదిగా నాకు అనిపించలేదు. మా దగ్గర పాత సైకిల్ భాగాలకు, వెండి పూత సామానుకు పాలిష్ పట్టి కొత్తగా నికెల్ ఎక్కించే పనివాళ్ళు ఉన్నారు, చేతికిస్తే అద్దంలా చేసి ఇస్తారు. అంతవరకూ తుప్పు పెరగకుండా వేరుశనగ నూనె పట్టించి ఉంచితే సరిపోదా? మా ఇంట్లో కొడవళ్ళకు, గొడ్డళ్ళకు తరతరాలుగా అదే పూస్తున్నారు.

బుగ్గవంక (కడప):

ఎర్రనేల గారూ, మీ సలహా వెనక ఉన్న మంచి ఉద్దేశం తెలుస్తూనే ఉంది. అయినా ఇందులో ప్రతి అంశం మీదా నిలిచి మాట్లాడవలసి ఉంది, ఎందుకంటే మన జిల్లాల్లో పాత వస్తువులు ఎక్కువగా పాడవుతున్నది నిర్లక్ష్యం వల్ల కాదు, ఇలాంటి శ్రద్ధ వల్లనే. నేను ముప్పై ఏళ్ళు లేత్ మీద పనిచేసి, తర్వాత పాత గడియారాలు, తాళాలు, కత్తులు శుభ్రపరిచే పని నేర్చుకున్నవాణ్ణి.

మొదటిది, కొత్త పూత ఎక్కించాలంటే పాత పూతను పూర్తిగా తీసేయాలి. దాని కోసం ముందు ఆమ్లంలో ముంచుతారు, తర్వాత బఫ్ చక్రం మీద పెడతారు. ఆ చక్రం తుప్పును మాత్రమే తినదు. అంచుల పదును, అక్షరాల లోతు, ప్రూఫ్ ముద్రలు అన్నీ దాని కింద అరిగిపోతాయి. గుత్తికోట గారు ఏ ముద్రల కోసం ఎదురుచూస్తున్నారో అవే ఉండవు. ఆమ్లంలోనూ, పూత తొట్టెలోనూ గట్టిపరిచిన ఉక్కు స్ప్రింగుల్లోకి హైడ్రోజన్ చేరుతుంది, దాంతో అవి పెళుసుబారి ఒకనాడు హఠాత్తుగా విరుగుతాయి. ఇవన్నీ పక్కన పెట్టినా, లైసెన్సు లేని పనివాడి చేతికి తుపాకీ ఇవ్వడం ఇచ్చినవారికీ పుచ్చుకున్నవారికీ నేరమే అవుతుంది. తుపాకీ మరమ్మతుకు వేరే లైసెన్సు ఉండాలని చట్టం 5వ సెక్షన్‌లోనే ఉంది.

రెండోది నూనె. వేరుశనగ నూనె గాలికి ఆరుతూ ఆరుతూ జిగురవుతుంది. కొడవలిని రోజూ వాడతాం, రాయి మీద నూరుతాం కనుక అక్కడ ఆ జిగురు పోతూ ఉంటుంది. ఏళ్ళ తరబడి పెట్టెలో కూర్చునే యంత్రంలో అది స్ప్రింగుల మధ్య పేరుకుని, దుమ్మును పట్టి, తేమను తన కింద దాచుకుంటుంది. కుట్టు మిషన్‌కు వాడే సన్నని ఖనిజ తైలం సరైనది. కిరసనాయిలు మురికిని కరిగిస్తుంది గానీ ఆవిరైపోయి వెనక రక్షణ పొర ఏదీ మిగల్చదు. చింతపండు, నిమ్మరసం, ముగ్గుపిండి దీని దరిదాపులకు కూడా రాకూడదు. చింతపండు పులుపు ఇత్తడి చెంబుకు మెరుపు తెస్తుంది, అదే పులుపు ఇనుమును కొరికి గుంటలు చేస్తుంది.

పెన్నేటి ఒడ్డు గారూ, ఒక్క పని మాత్రం ఇప్పుడే చేయండి. దాన్ని ఆ తోలు ఒరలోంచి బయట పెట్టి, జమ చేసేటప్పుడు కూడా వేరుగానే ఇవ్వండి. తోలు గాలిలోని తేమను పీల్చుకుని ఇనుముకు ఆనించి పట్టి ఉంచుతుంది, తోలు పదును పెట్టినప్పటి ఆమ్లం కూడా అందులో మిగిలే ఉంటుంది. మీ ఫోటోలో తుప్పు ఒర కుట్టు నడిచిన గీత వెంబడే రావడం చూడండి. ఎండాకాలం నిప్పులు చెరిగే మన ప్రాంతంలో తుప్పు ఎందుకు పడుతుందని చాలామంది అనుకుంటారు గానీ, అక్టోబరు, నవంబరు వానల్లో తోలు ఒర లోపల వాతావరణం వేరు.

పెన్నేటి ఒడ్డు:

మీ అందరి సలహా ప్రకారం నడుచుకున్నాను. రివాల్వర్ మొదట స్టేషన్‌లో జమ అయింది. విచారణ ముగిశాక, అనుమతితో లైసెన్సు ఉన్న ఆయుధ విక్రేత దగ్గరికి మారింది. మా నాన్నగారి పేరిట వారసత్వపు దరఖాస్తు పెట్టాం, మేనత్తలు ఇద్దరూ అభ్యంతరం లేదని రాసి ఇచ్చారు. ఇన్ని నెలల తర్వాత మళ్ళీ రాస్తున్నది ఇందుకే.

విక్రేత దగ్గరున్న మరమ్మతుదారు మా నాన్నగారి ఎదుటే ఒక పిడి రెక్క విప్పారు. మర తల గాడికి సరిగ్గా అతికే వెడల్పు స్క్రూడ్రైవర్ దొరికేదాకా ఆయన చేయి పెట్టలేదు. లోపల ఇనుము మీద, సిలిండర్ ముందు ముఖం మీద కనిపించిన ముద్రల ఫోటోలు ఇవిగో. నిలువు గుడ్డు ఆకారంలో ఈ.ఎల్.జి. అనే మూడు అక్షరాలు, వాటి కింద ఒక చుక్క, గుడ్డు పైన చిన్న కిరీటం ఉన్నాయి. గొట్టం అడుగున కిరీటం కింద ఆర్ అక్షరం ఒకటి, మెట్ల మీద నిలబెట్టిన స్తంభం లాంటి బొమ్మ ఒకటి ఉన్నాయి. ఒక అక్షరం మీద నక్షత్రం కూడా ఉంది. చిన్న చిన్న భాగాలన్నింటి మీదా 47 అనే అంకె కొట్టి ఉంది. తయారీదారు పేరు ఎక్కడా లేదు.

గుత్తికోట:

ఇక సందేహం లేదు. ఇది బెల్జియంలోని లీజ్ నగరపు వస్తువు. ఆ గుడ్డు ఆకారపు ముద్ర లీజ్ ప్రూఫ్ హౌస్‌ది. ప్రతి గొట్టాన్నీ, సిలిండర్‌నూ ఎక్కువ మందుతో పేల్చి చూసి, తట్టుకుంటేనే అక్కడ ఈ ముద్ర కొట్టేవారు. మీరు చుక్క అన్నది అరిగిన నక్షత్రం అయి ఉంటుంది. స్తంభం బొమ్మ పేరు పెర్రాన్, అది లీజ్ నగర చిహ్నం. నక్షత్రం ఉన్న అక్షరం పరీక్షకుడి గుర్తు, కిరీటం కింది ఆర్ గొట్టం లోపల మెలితిరిగిన గాడులు ఉన్నాయని చెప్పే గుర్తు.

కాలం కూడా వీటి నుంచే తేలుతుంది. గుడ్డు పైన కిరీటం 1893 నుంచి మాత్రమే కొట్టారు, కాబట్టి అంతకంటే పాతది కాదు. 1922 నుంచి అక్కడ ఏడాదికొక అక్షరం చొప్పున సంవత్సరపు గుర్తు కూడా వేయడం మొదలైంది, అది మీ దాంట్లో లేదు. ఆ రెండింటి మధ్య ఎక్కడో తయారై ఉండాలి. మీ ముత్తాతగారి మద్రాసు ప్రయాణాల కాలానికి ఇది సరిపోతుందో లేదో మీరే చూసుకోండి.

తయారీదారు పేరు లేకపోవడం గురించి నిరాశపడవద్దు, ఈ వస్తువు చరిత్రలో నాకు అన్నింటికంటే ఆసక్తి కలిగించేది అదే. లీజ్‌లో చవక రివాల్వర్లు ఒకే ఫ్యాక్టరీ కప్పు కింద పుట్టేవి కావు. చుట్టుపక్కల పల్లెల్లో, వెద్ర్ నది లోయలో ఇళ్ళ దగ్గరే పనిచేసే వృత్తివాళ్ళు ఒకరు గొట్టం, ఒకరు హ్యామర్, ఒకరు స్ప్రింగు చేసి ఇస్తే, వ్యాపారి వాటిని కూర్పించి అమ్మేవాడు. ఒక రివాల్వర్ భాగం పక్క రివాల్వర్‌కు పట్టేది కాదు, ప్రతిదాన్నీ ఆకురాయితో ఆ ఒక్కదానికే సరిపడేలా అరగదీసేవారు. విడి భాగాలు ఒకదానితో ఒకటి కలిసిపోకుండా 47 లాంటి కూర్పు అంకె వేసేవారు. మీ దాంట్లో ఆ అంకె అన్ని భాగాల మీదా ఒకటే ఉందంటే, వందేళ్ళలో ఏ ముక్కా మారలేదని అర్థం. అమ్మకం ధర చూస్తే ఇది చవక వస్తువే, ఇప్పటికీ చవకే. కానీ మార్పు లేకుండా మిగిలిన చవక వస్తువులు చాలా తక్కువ, ఎందుకంటే వాటిని ఎవరూ దాచరు.

హంద్రీ గాలి (కర్నూలు):

పుణె దగ్గరి ఖడ్కీలో తయారయ్యే .32 తూటాలు మన దగ్గర లైసెన్సుదారులకు దొరుకుతున్నాయి కదా. లైసెన్సు వచ్చాక ఒకటి రెండు కాల్చి చూడడంలో అభ్యంతరం ఉందా? నూరేళ్ళు దాటిన వస్తువు గనుక లైసెన్సే అక్కర్లేదని కూడా ఒకచోట చదివాను.

గుత్తికోట:

కాల్చవద్దు, ఒక్కటి కూడా. 1878లో వచ్చిన .32 స్మిత్ అండ్ వెస్సన్ పొట్టి తూటా వేరు, 1896లో వచ్చిన .32 లాంగ్ వేరు. ఇప్పుడు ఇక్కడ దొరికేది లాంగ్. అది ఈ సిలిండర్‌కు చేసినది కాదు. పొడవు ఎలాగో సరిపెట్టినా, ఆ కాలపు చవక రివాల్వర్లు ఎక్కువగా పాతకాలపు నల్ల తుపాకిమందు ఒత్తిడిని దృష్టిలో పెట్టుకుని మెత్తని ఇనుముతో చేసినవి. ఇప్పటి తూటాల్లోని, అంతకంటే బలమైన పొగరాని మందు ఒత్తిడికి సిలిండర్ గోడ చీలవచ్చు, లేదా పై గొళ్ళెం ఊడి గొట్టం ముందుకు వంగి తెరుచుకోవచ్చు. ప్రూఫ్ ముద్ర ఆనాటి బలానికి సాక్ష్యం. నూరేళ్ళ తుప్పు తర్వాతి బలానికి అది సాక్ష్యం చెప్పదు.

కేసీ కాలువ:

నూరేళ్ళ మాటకు జవాబు నేను చెబుతాను. 1899కి ముందు తయారైనదానికి లైసెన్సు అక్కర్లేదన్నది అమెరికా కేంద్ర చట్టం, దానితో మనకు సంబంధం లేదు. నూరేళ్ళ లెక్క మన దగ్గర 1972 పురావస్తువుల చట్టంలో ఉంది, అది పురావస్తువు అవునా కాదా అన్నదాని గురించి మాత్రమే. ఆయుధ చట్టం 45వ సెక్షన్ (సి) ఇచ్చే మినహాయింపుకు వయసు ఒక్కటే చాలదు. కాలం చెల్లిన నమూనా అయినా, పురావిలువ ఉన్నదైనా, చెడిపోయినదైనా, మరమ్మతు చేసినా చేయకపోయినా తుపాకీగా పనిచేయలేని స్థితిలో ఉండాలి. ఈ రివాల్వర్ సిలిండర్ తిరుగుతోంది, హ్యామర్ లేస్తోంది. కాబట్టి మినహాయింపు వర్తిస్తుందని మనంతట మనం తీర్మానించుకోకూడదు. లైసెన్సు దారే సరైనది.

బుగ్గవంక:

ఇక శుభ్రపరిచే పని గురించి. విక్రేత దగ్గర, మరమ్మతుదారు చేతులమీదుగానే జరగాలి. మీ నాన్నగారు పక్కనుండి ఈ విషయాలు చెప్పగలిగితే చాలు.

ముందు తెల్లని నూలు గుడ్డతో పొడిగా తుడిచి చూడాలి. గుడ్డకు ఎర్రటి పొడి అంటుకున్న చోట తుప్పు ఇంకా బతికి ఉంది. ముదురు గోధుమ, నలుపు రంగుల్లో నున్నగా ఉండి ఏమీ అంటుకోని చోట అది స్థిరపడింది, దాన్ని ముట్టుకోనక్కర్లేదు. బతికి ఉన్న తుప్పు మీద సన్నని నూనె చుక్కలుగా వేసి ఒకరోజు నాననివ్వాలి. తర్వాత పాత రాగి నాణెం అంచుతో, దాదాపు పడుకోబెట్టినట్టుగా పట్టుకుని, మెల్లగా గీకాలి. రాగి ఉక్కుకంటే మెత్తన, తుప్పు లేస్తుంది గానీ కింది ఇనుము మీద గీత పడదు. నికెల్ పొక్కుల దగ్గర మాత్రం నాణెం కూడా వద్దు. పొక్కు అంచు లేచి ఉంటే నూనెను సన్నని కుంచెతో దాని కిందికి పంపి వదిలేయాలి. గరుకు కాగితం, ఇనుప పీచు నికెల్ మీద ఎక్కడా తగలకూడదు.

గొట్టం లోపల శుభ్రపరచడానికి అమ్మకంలో ఉన్న ద్రవాల్లో కొన్నింటిలో అమ్మోనియా ఉంటుంది. నికెల్ పూత కింద తరచుగా రాగి పొర ఉంటుంది, అమ్మోనియా ఆ రాగిని కరిగిస్తే పైన నికెల్ రేకులుగా లేచిపోతుంది. డబ్బా మీద ఏముందో చదవమనండి.

పిడి రెక్కలు గంధకం కలిపి గట్టిపరిచిన రబ్బరు. వెలుగుకు పైపొర మారి గోధుమ రంగు వస్తుంది. వేడినీళ్ళు, సబ్బు తగిలితే అది ఇంకా పెరుగుతుంది. నల్ల బూటు పాలిష్ పూస్తే నల్లగా కనిపిస్తుందన్న మాట నిజమే, కానీ ఆ నలుపు వస్తువుది కాదు. పొడిగుడ్డతో తుడిచి ఆ గోధుమ రంగును ఉండనివ్వండి.

పెన్నేటి ఒడ్డు:

మా నాన్నగారి పేరిట లైసెన్సు మంజూరైంది. శుభ్రపరిచే పని బుగ్గవంక గారు చెప్పినట్టే జరిగింది. నూనెలో నానిన తర్వాత గొట్టం మీది తుప్పు పలుచబడి, ‘స్మిత్ అండ్ వెస్సన్’ ముందు ‘ఫర్’ అనే మాట, వెనక ‘కార్ట్రిడ్జెస్’ అనే మాట పూర్తిగా బయటపడ్డాయి. వాటి ఫోటో గుత్తికోట గారి కోసం ప్రత్యేకంగా జతచేస్తున్నాను. మెరుపు తేవడం గురించి మొదట అడిగిన నేను ఇప్పుడు ఆ ప్రశ్నను వెనక్కి తీసుకుంటున్నాను. మచ్చలు అలాగే ఉన్నాయి, తుప్పు మాత్రం గుడ్డకు అంటడం లేదు.

మిగిలిన సందేహం ఒకటి ఉంది. పైన పలుచని మైనం పూత వేయవచ్చునని మరమ్మతుదారు అంటున్నారు. నూనె ఉన్న చోట మైనం నిలుస్తుందా, ఒరను ఎక్కడ పెట్టాలి?

బుగ్గవంక:

మైనం నిలవదు, నూనెను ముందు పూర్తిగా తుడిచేయాలి. బయటి భాగాలకు సూక్ష్మ స్ఫటిక మైనం (మైక్రోక్రిస్టలైన్ వ్యాక్స్) పలుచగా పూసి ఆరాక మెత్తని గుడ్డతో రుద్దితే, వేలిముద్రల ఉప్పు ఇనుముకు తగలదు. లోపలి కీళ్ళకు, స్ప్రింగులకు నూనె చుక్కే సరి. ఒరను నూలు గుడ్డలో చుట్టి వేరే పెట్టెలో పెట్టి, దాని మీద లైసెన్సు పుస్తకంలోని నంబరు రాసిన చీటీ ఉంచండి, రెండూ ఒకే ఇంటివని తర్వాతివారికి తెలియాలి. రివాల్వర్ పెట్టెలో తేమను పీల్చే సిలికా జెల్ పొట్లాలు వేసి, వానలు మొదలయ్యే ముందు వాటిని వేడిచేసి ఆరబెట్టి మళ్ళీ వేయండి, ఏడాదికొకసారి తెల్లగుడ్డ పరీక్ష చేయండి.